ఎర్రపువ్వు, మెలి తిరిగిన కాయ: ఇదేం చెట్టు, ఇంట్ల పెంచొచ్చా?

దేవరకొండ చల్క:
అందరికి నమస్తే. దసరా సెలవులల్ల అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం పోయినం, గుట్ట తొవ్వ పక్కన ఒక పొద కనపడ్డది, మనిషెత్తు కంటే ఎక్కువనే ఉన్నది, ఆకు పట్టుకుంటే గరుకు, అంచు రంపం పండ్ల లెక్క. పువ్వు ఇటుక ఎరుపు, కానీ అదే కొమ్మకు ఇంకో పువ్వు బూడిద నీలం రంగుల ఉన్నది, రెండు చెట్లు కలిసి పెరిగినయేమో అని కింది దాక చూసిన, మొదలు ఒక్కటే. కాయ ఐతే తడిబట్ట పిండినట్టు మెలి తిరిగి ఉన్నది. ఫోటో తీసిన గానీ గాలికి కదిలింది. మా అమ్మ ఇంటికొచ్చినా దాని ముచ్చటే. మాది ఎర్ర చల్క, బోరు నీళ్లు జెర ఉప్పగుంటయి, బతుకుతదా?

తోటపని_నల్గొండ:
ఆకు చెప్పిన తీరు చూస్తే ఫల్సా అనిపిస్తుంది అన్నా.

అమ్రాబాద్ తొవ్వ:
ఫల్సా కాదు తమ్మీ, ఆకు కొంచెం అట్లనే ఉంటది నిజమే, కానీ దాని పువ్వు పసుపు, కాయ గుండ్రం. మెలికాయ అంటే ఇంక అనుమానం లేదు, ఇది నులితాడ. శాస్త్రం పేరు హెలిక్టెరిస్ ఐసోరా, గ్రీకుల మెలి అనే అర్థమొచ్చే మాట మీద పెట్టిన పేరది, మొక్కలకు శాస్త్రం పేర్లు పెట్టిన లిన్నేయస్ 1753ల రాసిండు. మన బెండ, పత్తి, పుంటికూర కుటుంబమే. రంగు సంగతి ఏందంటే పువ్వు విచ్చుకున్నప్పుడు ఎరుపు, ముదిరినంక నీలం బూడిదకు తిరుగుతది, అందుకే ఒకే కొమ్మకు రెండు రంగులు. పొద్దుగాల పోయి నిలబడితే తేనెపిట్టలు వస్తయి, అది చూడాలె అసలు.

మా పెద్దోళ్లు దీని పట్ట నానబెట్టి నార తీసి పశువులకు తలుగులు పేనెటోళ్లు. కడుపుల నులినొప్పి అంటే ఎండుకాయ అరగదీసి పట్టిచ్చేటోళ్లు, కాయ మెలి చూసి కడుపు మెలికి మందు అనుకున్నరేమో. చిన్నపిల్లలకు మాత్రం డాక్టర్‌ను అడగకుండ ఇయ్యొద్దు. ఇంకో మాట, అమ్రాబాద్ టైగర్ రిజర్వుల మొక్క పీకుడు, కాయలు తెంపుడు చెయ్యకుండ్రి.

నర్సరీ అక్క_కల్వకుర్తి:
అడివిల తెంపే పనే లేదు తమ్మీ. మూలికల దుకాణంల మరోడ్‌ఫలీ అని అడుగు, ఇవే ఎండుకాయలు ఇస్తరు. పాతవి తేవొద్దు, పగలగొట్టి ఊపితే గింజలు రాలాలె, కొన్ని ఊరికే ఖాళీగ ఉంటయి. గింజ చిన్నది గానీ తోలు మస్తు గట్టి, అట్లనే పెడితే నెలలు గడిచినా మొలవక నేను మొదటిసారి కుండీ మొత్తం పారబోసిన. తర్వాత గరుకు కాగితం మీద మెల్లగ రుద్ది, మరిగి దింపిన నీళ్లల్ల ఏసి రాత్రంత ఉంచిన, పొద్దుగాలకు ఉబ్బినయి మాత్రమే నాటిన, అవి మొలిచినయి. ఇసుక, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి కవర్లల్ల పెట్టు. చిన్న మొక్కకు దొరికితే వాననీళ్లు పొయ్యి, తర్వాత మా చెట్టుకైతే బోరు నీళ్లే.

మృగశిరకు వానలు పడ్డంక నేలల పెట్టు, ఎండ బాగుండాలె, నీళ్లు నిలవొద్దు, చల్కే మంచిది, నల్లరేగడిల అయితే గట్టు మీద పెట్టాలె. ఎండాకాలం ఆకు మొత్తం రాలుస్తది, చచ్చిపోయిందని పీకెయ్యకు, గోరుతోని కొమ్మ గీకి చూడు, లోపల పచ్చగుంటే వానకు మళ్ల చిగురేస్తది. మా దానికి మూడో ఏడు పువ్వు వచ్చింది.

దేవరకొండ చల్క:
అక్కా, అన్నా, మస్తు థ్యాంక్స్. అమ్మకు నులితాడ అని చెప్పంగనే మా అమ్మమ్మ నోట ఆ పేరు విన్న అన్నది. రేపు మూలికల దుకాణం పోత, బావి గడ్డ దిక్కు ఎండ తగిలే జాగ ఉన్నది, జూన్ దాక మొక్క తయారైతే అక్కడే పెడత.