ధాన్యం నెమ్ము (తేమ) కొనుగోలు కేంద్రంలో ఒకటి, మిల్లులో ఇంకొకటి: ఏ అంకె చెల్లాలి?

గట్టుమీద:
సార్వా కోతలు మొదలైతే చాలు, మళ్లీ ఇదే గొడవ. మద్దతు ధరకి ధాన్యం నెమ్ము 17 శాతం దాటకూడదు. ధాన్యం కొనే రైతు సేవా కేంద్రంలో మిషన్ 16.8 చూపిస్తుంది, ట్రక్ షీట్ (లోడుతో మిల్లుకెళ్లే కాగితం) రాసేస్తారు. లారీ మిల్లుకెళ్లాక అక్కడి మిషన్ 19 అంటుంది. తరుగుకి, అంటే బస్తా బరువులో కొంత తగ్గించుకోడానికి, ఒప్పుకుంటేనే దింపుకుంటామంటారు. తరుగు వల్ల లాభపడేవాడే కొలిచి తరుగు తియ్యడమేంటండీ? కేంద్రం అంకే ఆఖరు కావాలి.

మిల్లులెక్క:
అంటే కేంద్రం మిషన్ సత్యహరిశ్చంద్రుడా? రెండు చోట్లా ఉండేది ఒకే జాతి పెట్టె. అది నీటిని తూచదు, గింజల్లో కరెంటు తీరు చూసి నెమ్ము అంచనా కడుతుంది. ఎండలో ఆరబోసిన గింజ పైన పొడిగా, లోపల పచ్చిగా ఉంటుంది. బరకం మీంచి తీసి అప్పటికప్పుడు కొలిస్తే తక్కువ వస్తుంది. బస్తాలో రాత్రంతా ఉంటే లోపలి నెమ్ము పైకొచ్చేస్తుంది, పొద్దున్న అంకె పెరుగుతుంది. ఇందులో మోసం ఎక్కడుంది? పైగా క్వింటా ధాన్యానికి 67 కిలోల పచ్చిబియ్యం సర్కారుకి తిరిగివ్వాల్సింది మిల్లరే. నీళ్లకి బియ్యం ఎక్కడ తెస్తాడు?

త్రాసుముల్లు:
ఇద్దరూ "ఎవరి మిషన్" దగ్గరే ఆగిపోయారు. అంకెకి హోదాతో పనిలేదు. ఎలా వచ్చిందో చెప్పి, ఎదుటివాడు మళ్లీ కొలుచుకునే వీలిస్తేనే దానికి విలువ.

మిషన్ ఎక్కడెక్కడ తప్పుతుందంటే: సన్నరకం సెట్టింగులో బొండాలు (లావు గింజ రకం) పోస్తే. గింజ వేడిగా, పెట్టె చల్లగా ఉంటే. గింజ గుప్పున పోసినప్పుడు ఒకలా, మెల్లగా జార్చినప్పుడు ఒకలా సర్దుకుంటుంది కాబట్టి పోసే తీరు మారితే. మంచు పట్టిన గింజ అయితే సరేసరి. బ్యాటరీ నీరసించినా అంతే.

అసలు కొలత ఓవెన్‌ది. పచ్చి గింజని నేరుగా పిండి చేస్తే మరలోనే నెమ్ము పోతుంది. అందుకని ముందు గింజని కాస్త ఆరబెట్టి, తగ్గిన బరువు రాసుకుని, అప్పుడు మర పట్టాలి. ఆ పిండి 5 గ్రాములు 130 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచి, మూత డబ్బాలో చల్లార్చి తూచాలి. చల్లారేటప్పుడు గాలి తగిలితే పిండి మళ్లీ నెమ్ము పీల్చుకుంటుంది, లెక్క చెడుతుంది.

ఇక తరుగు. మిల్లు చెప్పిన 19 నిజమే అనుకుందాం. 75 కిలోల బస్తాలో నీరు 14.25, ఎండు సరుకు 60.75. ఆ ఎండు సరుకే 17 శాతం నెమ్ముతో ఉంటే బస్తా 73.2 కిలోలు తూగుతుంది. అంటే న్యాయమైన తరుగు 1.8 కిలోలు. ఎవరైనా 4 కిలోలు కోస్తే, నెమ్ము 21.4 శాతం అన్నట్టే. మిషన్ మీద 19 చూపించి తరుగులో 21.4 వసూలు చేస్తే దాన్ని ఏ ఎండా, ఏ మంచూ కాయదు.

గట్టుమీద:
ఈ లెక్క మిల్లు గేటు మీద పెద్ద అక్షరాలతో రాయించాలండీ.

మిల్లులెక్క:
రాయించండి, అభ్యంతరం లేదు. పైవరస బస్తాల్లో ఆరిన గింజ, అడుగున తడిది సర్దే సంగతి కూడా పక్కనే రాయించండి. ఇక ఓవెన్ అంటారా, నాలుగైదు గంటల పని. అంతసేపు లారీ వెయిటింగు ఎవడు కడతాడు?

త్రాసుముల్లు:
అడుగు బస్తాల మాట నిజమే. అందుకే శాంపిలు ఎత్తేటప్పుడే, లోడంతటా చెదురుగా ఉన్న బస్తాల్లోంచి, ఇద్దరి ఎదుటా తియ్యాలి. కుప్ప చేసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు ఉంచుకుని, మిగతావి తీసేసి మళ్లీ కలపాలి. అరకిలో మిగిలేదాకా అదే పని. దాన్ని మూడు వాటాలేసి గాలి చొరని సంచుల్లో సీలు చెయ్యాలి: రైతుకొకటి, మిల్లుకొకటి, మూడోది ఎవరికీ చెందని చోట.

లారీని ఆపక్కర్లేదు. దింపేసుకుని, తగువున్న తరుగు మొత్తాన్ని మాత్రం పక్కన పెట్టండి. మూడో సంచి పేర్లు లేకుండా, నంబరుతోనే ల్యాబుకి వెళ్లాలి. కొలిచేవాడికి అది ఎవరి ధాన్యమో తెలియకూడదు. మర్నాటికల్లా కొలవాలి, పచ్చిగింజ సంచిలో వేడెక్కి బూజు పడుతుంది.

కాలవలాకు:
ఒక చేర్పు. రిజిస్టర్‌లో ఒక్క సగటు అంకె రాస్తున్నారు, అది చాలదు. మిషన్ నంబరు, టైము, సెట్టింగు, మూడు రీడింగులూ విడివిడిగా రాయాలి. 16.2, 17.9, 16.6 వస్తే సగటు 16.9 అయ్యి దర్జాగా పాసవుతుంది, కానీ గింజ సరిగ్గా కలవలేదని ఆ మూడూ చూస్తేనే తెలుస్తుంది.

మిల్లులెక్క:
రిజిస్టర్‌కి ఒప్పుకుంటాను, రెండు చోట్లా అదే పద్ధతైతే. ల్యాబు ఖర్చు మాత్రం ఓడినవాడు పెట్టుకోవాలి.

గట్టుమీద:
అక్కడే ఒప్పుకోను. ఒక్క లోడు కౌలు రైతు ఓడిపోతానన్న భయంతో ల్యాబుకే వెళ్లడు. సీజనంతా వందల లోడ్లు దింపుకునే మిల్లుకి ఆ ఖర్చు ఒక లెక్కా? ధాన్యం కొనే సర్కారు సంస్థే భరించాలి.