1525 రైతుల తిరుగుబాటు: యోసెల్, స్ట్రాస్‌బర్గ్ బోధకులు కలిసే వెళ్ళారా?

ప్రశ్న: ఆల్సాస్‌లో (ఇప్పటి తూర్పు ఫ్రాన్స్ ప్రాంతం) రైతులు తిరగబడినప్పుడు అక్కడి రోస్‌హైమ్ ఊరికి చెందిన యూదు నాయకుడు యోసెల్ యూదుల తరఫున వాళ్ళ నాయకులతో మాట్లాడాడని చదివాను. స్ట్రాస్‌బర్గ్ నగరపు ప్రొటెస్టెంట్ బోధకులు కూడా వెళ్ళారట. ఇద్దరూ మాట్లాడుకుని వెళ్ళారా, ఎవరి దారి వారిదా?

జవాబు 1: కలిసికట్టుగా వెళ్ళలేదండీ. వెళ్ళిన చోటు మాత్రం ఒకటే, ఆల్టోర్ఫ్ మఠం. ఏప్రిల్‌లో రైతుల దండు అక్కడ దిగింది. ఆ బోధకులు కాపిటో, బుట్సర్, త్సెల్ ముందు వెళ్ళి, ఇళ్ళకు పొమ్మని బైబిల్ చూపించి నచ్చజెప్పారు. ఎవరూ వినలేదు. యోసెల్ ఉపదేశంతో సరిపెట్టలేదు, డబ్బు కూడా ముట్టజెప్పాడు. యూదుల జోలికి, రోస్‌హైమ్ జోలికి రాకుండా మాట తీసుకున్నానని జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. నన్నడిగితే అసలు దౌత్యం అదే! వడ్డీ వ్యాపారం చేసే యూదుల మీద అప్పుల్లో మునిగిన రైతులకు ఎంత కసి ఉంటుందో ఊహించండి. అలాంటి గుంపు మధ్యకు వెళ్ళడమంటే మాటలా? మే నెలలో పొరుగున ఉన్న లొరేన్ పాలకుడైన డ్యూక్ సైన్యం ఆల్సాస్‌లోని సావెర్న్ పట్టణం దగ్గర వేలాది రైతులను ఊచకోత కోసింది. వాళ్ళ నాయకుడు ఎరాస్మస్ గెర్బర్‌ను ఉరితీశారు.

జవాబు 2: మరి ఈ బోధకులతో యోసెల్‌కు స్నేహమేమైనా ఉందా, లేక అవసరం కొద్దీ పరిచయమేనా?

జవాబు 1 ఇచ్చిన వారే: కాపిటోతో ఉంది. ఆయన హీబ్రూ వ్యాకరణం రాసిన పండితుడు. యోసెల్ ఆయన ప్రసంగాలు వినేవాడు, కాపిటో క్రైస్తవ విశ్వాసం సంగతి ఎత్తితే మాత్రం లేచి వెళ్ళిపోయేవాడు. (ఈ పద్ధతి నాకు భలే నచ్చుతుంది.) 1536లో జర్మనీలోని సాక్సనీ పాలకుడు యూదులను వెళ్ళగొట్టమన్నప్పుడు, యోసెల్‌ను కలవమని ప్రొటెస్టెంట్ ఉద్యమ నాయకుడు లూథర్‌కు సిఫారసు లేఖ రాసింది కాపిటోనే. 1537లో లూథర్ యోసెల్‌కు మర్యాదగానే రాసి, సాయం చేయనన్నాడు. బుట్సర్ సంగతి వేరు. హెస్సె అనే జర్మన్ సంస్థానంలో యూదుల మీద కఠిన ఆంక్షలు పెట్టాలని 1538లో సలహా ఇచ్చింది ఆయనే. ఆల్టోర్ఫ్‌కు వెళ్ళాడు కాబట్టి ఆయన్నీ యూదుల మిత్రుల లెక్కలో వేస్తే నేనొప్పుకోను.

జవాబు 3: స్ట్రాస్‌బర్గ్ నగర మండలిని మర్చిపోకండి. 1543లో యూదులకు వ్యతిరేకంగా లూథర్ రాసిన పుస్తకాన్ని తమ నగరంలో అచ్చు వేయనివ్వలేదు. అడిగింది యోసెల్. చిత్రమేమంటే, అప్పట్లో అదే నగరంలో యూదులకు కాపురముండే హక్కు లేదు.