కెనడా కాలేజీలో కంప్యూటర్ డిప్లొమా: వెళ్లినవారు చెప్పండి

గోదావరి గట్టు: బీటెక్ ఈసీఈ 2023లో పూర్తయింది. ఒంటారియోలో కంప్యూటర్ ప్రోగ్రామింగ్ రెండేళ్ల డిప్లొమాకు ఆఫర్ లెటర్ వచ్చింది. ఇది నయమా, ఏడాది గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ నయమా? ల్యాప్‌టాప్ ఇక్కడే కొనాలా? జనవరిలో దిగితే చలికి ఇబ్బందా?

చలిపులి: ల్యాప్‌టాప్ సంగతి తర్వాత. ముందు లెటర్‌లో క్యాంపస్ చిరునామా చూడండి. నా లెటర్ మీద ప్రభుత్వ కాలేజీ పేరే ఉంది, పాఠాలు చెప్పింది మాత్రం ప్రైవేటు భాగస్వామి. బట్టల దుకాణం పైన మూడో అంతస్తులో రెండు గదులు, ఒక కాఫీ యంత్రం, అదే మా క్యాంపస్. 2022లో చేరాను కాబట్టి చదువయ్యాక వర్క్ పర్మిట్ వచ్చింది. 2024 మే 15 నుంచి అలాంటి చోట చేరినవారికి అదీ లేదు.

పాతకాపు: ఊరికే బెదరగొట్టకండి. 2016 నుంచి ఇక్కడ ఉన్నాను. బంధువుల పిల్లలు పన్నెండు మందికి కాగితాలన్నీ నేనే చూశాను. ఐటీ కోర్సయితే మూడేళ్ల పర్మిట్ ఖాయం. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష ఒకసారి రాస్తే చాలు.

తెల్లకాగితం: చాలదండీ. 2024 నవంబరు 1 నుంచి పర్మిట్ దరఖాస్తుకు భాషా పరీక్ష ఫలితం జతచేయాలి, డిప్లొమావారికి కెనడా భాషా ప్రమాణం సీఎల్‌బీలో 5వ స్థాయి. కాలేజీ సీటు కోసం రాసిన అకడమిక్ రకం ఐఈఎల్‌టీఎస్ పనికిరాదు, జనరల్ రకం రాయాలి. అదీ రెండేళ్లు దాటకూడదు. కోర్సు పేరులో ఐటీ ఉంటే సరిపోదు, దాని సీఐపీ కోడ్, అంటే కోర్సు వర్గీకరణ సంఖ్య, పర్మిట్‌కు అర్హమైన కోర్సుల జాబితాలో ఉండాలి.

పాతకాపు: నాకే పాఠాలా? మా మేనల్లుడిని ఏ పరీక్షా అడగలేదు.

తెల్లకాగితం: ఏ సంవత్సరం?

పాతకాపు: 2021. అయితే ఏమిటి?

తెల్లకాగితం: ఇంకేమీ లేదండీ.

క్రింపింగ్ రాణి: మీ గొడవ మీది గానీ, బీటెక్ చదివినవాళ్లకు డిప్లొమా దండగ అనేవారితో నాకు పేచీ ఉంది. మొదటి వారం లూప్‌లు చెబుతుంటే నాకూ ఏడుపొచ్చింది, నిజమే. కానీ నాలుగేళ్ల బీటెక్‌లో నెట్‌వర్క్ ల్యాబ్ అంటే రికార్డు రాయడమే. ఇక్కడ తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం అని వరుస తప్పకుండా నెట్‌వర్క్ కేబుల్‌లోని ఎనిమిది తీగలూ నా చేత్తో బిగించాను. హెల్ప్‌డెస్క్ ఇంటర్వ్యూలో తెగిన కేబుల్ ఒకటి చేతికిచ్చి బాగుచేయమన్నారు. ఆ ఉద్యోగమే ఇప్పటికీ చేస్తున్నాను.

బేస్‌మెంట్ బాబు: అదృష్టం, అక్కా. నేను గిడ్డంగిలో పెట్టెలు మోస్తున్నాను. వారానికి 24 గంటలే అనుమతి, అద్దెకే సరిపోతుంది. 2025 సెప్టెంబరు నుంచి వీసాకు జీవన ఖర్చుల కింద 22,895 డాలర్లు చూపించమంటున్నారు, మా బ్యాచ్‌కు 10,000 ఉండేది.

పాతకాపు: కష్టపడనివాడికి ఎన్ని డాలర్లు ఉన్నా అంతే.

బేస్‌మెంట్ బాబు: రాత్రి పన్నెండింటికి మంచులో బస్సు కోసం నిలబడి చూడండి సార్, అప్పుడు మాట్లాడుకుందాం.

గోదావరి గట్టు: ఇప్పుడే లెటర్ తీసి చూశాను. చిరునామాలో ‘సూట్ 305’ అని గది నంబరు ఉంది.

చలిపులి: తమ్ముడూ, ఫీజు కట్టేశావా?