అద్దానికి అంటుకుపోయిన పాత ఫోటోను కాపీ తీయడం ఎలా?

మా ఊరి చరిత్ర మ్యూజియంలో వాలంటీర్లం పాత ఫోటోలను డిజిటైజ్ చేస్తున్నాం. ఫ్రేముతో సహా వచ్చిన ఒక గ్రూప్ ఫోటో (జెలటిన్ సిల్వర్ ప్రింట్, అంటే కాగితం మీది జెలటిన్ పొరలో వెండితో బొమ్మ ఏర్పడే పాత నలుపు-తెలుపు ఫోటో; 10×12 అంగుళాలు) తేమకు అద్దానికి అంటుకుపోయింది. అదీ సరిగ్గా వెనక వరుసలోని ముఖాల దగ్గరే. అంచు నుంచి పలుచని పాలిస్టర్ షీటు మెల్లగా దూర్చాం. జెలటిన్ పొర అద్దంతోపాటే లేస్తుండటంతో వెంటనే ఆపేశాం. బట్టలకు చేత్తో రంగులద్దారు, అవి కరిగిపోతాయి కాబట్టి నీళ్లలో నానబెట్టలేం. ఆ ముఖాలు పోతే మళ్లీ రావు.

అందుకే అద్దం మీంచే కాపీ తీస్తున్నాం. ఫ్లాట్‌బెడ్ స్కానర్‌పై 600 డీపీఐలో అంటుకున్న భాగం చిక్కటి నలుపుగా, మిగతాది వెలిసినట్టుగా వచ్చింది. రెండింటి సరిహద్దులో రంగురంగుల వలయాలు. కెమెరాతో (60 ఎంఎం మాక్రో, ఎఫ్/8, రెండు పక్కలా 45 డిగ్రీల్లో ఎల్ఈడీ లైట్లు) వలయాలు పోయాయి గానీ సరిహద్దు గీత అలాగే ఉంది. లెన్స్‌కు మాత్రమే పోలరైజర్ (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పంపే ఫిల్టర్) పెడితే తేడా రాలేదు.

లైట్లకు కూడా పోలరైజింగ్ ఫిల్మ్ పెట్టి, లెన్స్ ఫిల్టర్‌ను దానికి అడ్డంగా 90 డిగ్రీలు తిప్పితే ఈ గీత పోతుందా?