కప్‌బోర్డ్‌లో సర్వర్, రౌటర్ పెట్టాం, ఎండాకాలం వేడి తట్టుకోలేకపోతున్నాయి, ఏం చేయాలి?

పటమట_నెట్:

అందరికీ నమస్కారం అండి. మాది పటమట, మేముండేది పై ఫ్లోర్, నెత్తిన డైరెక్ట్‌గా డాబానే. హాల్లో అటక కింద ఒక కప్‌బోర్డ్ ఉంది, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, మూడడుగుల ఎత్తు, ప్లైవుడ్‌కి సన్‌మైకా వేసిన తలుపులు. ఇల్లు కట్టేటప్పుడే నెట్ కేబుళ్ళు, కెమెరా కేబుళ్ళు అన్నీ అందులోకే లాగించాం కాబట్టి సామానంతా అందులోనే పెట్టాల్సొచ్చింది. పాత ఐ5 డెస్క్‌టాప్ (అదే మా సర్వర్, రెండు 4 టీబీ డిస్కులు), 8 పోర్టుల పీఓఈ స్విచ్ (నెట్ కేబుల్‌లోనే కెమెరాలకి కరెంటు కూడా పంపేది), కెమెరాల ఎన్‌వీఆర్ (రికార్డింగ్ డబ్బా), ఫైబర్ బాక్సు, రౌటర్, 1 కేవీఏ యూపీఎస్. ప్లగ్ మీటర్ పెట్టి చూస్తే అంతా కలిపి 130 వాట్లు లాగుతోంది.

చలికాలంలో ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు మధ్యాహ్నం హాల్లో 38 ఉంటే కప్‌బోర్డ్ లోపల 50 చూపిస్తోంది, డిస్కులు 58 దాకా పోతున్నాయి, మూడింటి నుంచి ఐదింటి దాకా వైఫై ఆగి ఆగి వస్తోంది, వీడియో కాల్స్ మధ్యలో కట్ అయిపోతున్నాయి. తలుపులు తీసి పెడితే కాసేపట్లోనే తగ్గుతుంది కానీ ఇంట్లో చిన్నపిల్లాడున్నాడు, కనిపించిన వైరల్లా పీకుతాడు, తెరిచి ఉంచడం కుదరదు. ఆ డిస్కుల్లో మా ఇంటిల్లిపాది ఫొటోలు, నాన్నగారి పొలం కాగితాల స్కాన్లు అన్నీ ఉన్నాయండి, అదే నా భయం. తలుపుకి ఫ్యాన్ పెట్టించనా, లేక చిన్న ఎయిర్ కూలర్ దాని వైపు తిప్పి పెట్టనా? మూడు నాలుగు వేలు ఖర్చు పెట్టగలను. రోహిణి కార్తె వచ్చేలోపు ఏదో ఒకటి చేయాలి.

బ్రాడీపేట_సిస్టమ్స్:

మీరు వాట్లు కొలిచి చెప్పడం చాలా మంచి పని అండి, అది తెలియకపోతే అందరం ఊహలే చెప్తాం. ఆ 130 వాట్లూ చివరికి వేడే అవుతుంది, అంటే మూసిన కప్‌బోర్డ్‌లో రాత్రీ పగలూ 130 వాట్ల హీటర్ వెలుగుతున్నట్టు లెక్క. లోపల బయటకన్నా 12 డిగ్రీలు ఎక్కువ ఉందంటే ఆ వేడి చెక్కలోంచి, తలుపు సందుల్లోంచి తప్ప బయటికి పోయే దారి లేదన్నమాట.

ఎంత గాలి కావాలో లెక్క తేలికే. వాట్లని 3తో గుణించి, ఎన్ని డిగ్రీల తేడా ఒప్పుకుంటారో దాంతో భాగిస్తే గంటకి ఎన్ని ఘనపు మీటర్ల గాలి తిరగాలో వస్తుంది. 5 డిగ్రీల తేడా చాలనుకుంటే 130 ఇంటూ 3 బై 5, అంటే 78 ఘనపు మీటర్లు, ఫ్యాన్ల మీద రాసే సీఎఫ్ఎంలో (నిమిషానికి ఘనపు అడుగుల్లో) సుమారు 46. 120 ఎంఎం కంప్యూటర్ ఫ్యాన్ డబ్బా మీద 60, 70 అని రాసుంటుంది కానీ అది ముందూ వెనకా ఏ అడ్డూ లేనప్పటి సంగతి, జాలీ పెట్టి చెక్క కంతలోంచి లాగిస్తే అందులో సగం వస్తే గొప్ప. అందుకే రెండు ఫ్యాన్లు పెట్టండి, రెండూ పైన, రెండూ గాలిని బయటికి తోసేవే.

అందరూ వదిలేసేది కింద కంత. ఫ్యాన్ బిగించేసి గాలి లోపలికి వచ్చే దారి పెట్టకపోతే కిటికీలు మూసిన గదిలో సీలింగ్ ఫ్యాన్ వేసినట్టే, ఉన్న వేడిగాలే తిరుగుతుంది. రెండు 120 ఎంఎం ఫ్యాన్ల నోరు కలిపితే దాదాపు 225 చదరపు సెంటీమీటర్లు, లోపలికి వచ్చే దారి దానికన్నా కాస్త ఎక్కువే ఉండాలి. తలుపుల అడుగున 60 సెంటీమీటర్ల పొడవునా 5 సెంటీమీటర్లు కోయించేస్తే 300 వస్తుంది, సరిపోతుంది. మధ్యలో అరలు నిండు చెక్కవైతే గాలి అక్కడే ఆగిపోతుంది, వాటి వెనక వైపు నాలుగు వేళ్ళ సందు వదలండి లేదా తీగ అరలు వేయించండి. ఫ్యాన్లకి దగ్గర్లో ఉన్న చిన్న చిన్న సందులు టేపేసి మూయండి, లేకపోతే ఫ్యాన్ ఆ దగ్గరి సందులోంచే గాలి లాగేసుకుంటుంది, కింద డిస్కుల దగ్గరికి గాలే రాదు. ఇంకోటి, వేడిగాలి అటకలోకి వదలకండి, అటక తలుపులు కూడా మూసుంటే అది అక్కడే పేరుకుని మళ్ళీ మీ కప్‌బోర్డ్ నెత్తి మీదే కూర్చుంటుంది.

ఇంత చేసినా హాల్లో 38 ఉంటే లోపల 43 కన్నా తగ్గదండి. ఫ్యాన్ గది గాలిని లోపలికి తెస్తుంది అంతే, చల్లబరచదు. ఇళ్ళల్లో వాడే రౌటర్లు చాలావాటికి కంపెనీ వాళ్ళు రాసే హద్దు 40 డిగ్రీలే, మన విజయవాడ, గుంటూరు మే నెలలో గదే ఆ హద్దు దగ్గరికి వచ్చేస్తుంది. అందుకే రౌటర్ ఒక్కటి కప్‌బోర్డ్ బయట గోడకి, పిల్లాడికి అందనంత ఎత్తులో బిగించేయండి. సిగ్నల్ కూడా మెరుగవుతుంది.

మొగల్రాజపురం_ల్యాబ్:

పైన చెప్పిందంతా కరెక్టే కానీ నేనైతే చెక్క కోసేముందు వాట్లు కోస్తాను. ఆ పాత డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడే 50, 60 వాట్లు తింటుంటుంది. ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ అదే పని 10 వాట్ల దగ్గర చేస్తుంది, దాని చిప్ రేటింగే 6 వాట్లు. ఫొటోలు, ఫైళ్ళు, ఇంట్లో సినిమాలు చూసుకోవడం ఇవన్నీ హాయిగా నడుస్తాయి. ఎన్‌వీఆర్ పని కూడా దాని మీదకే ఎక్కించేస్తే ఇంకో డబ్బా తగ్గుతుంది. గాలి అదే ఉండి వాట్లు సగమైతే లోపల పెరిగే డిగ్రీలూ సగమే. 70 వాట్లు తగ్గాయనుకోండి, నెలకి 50 యూనిట్లు, శ్లాబ్ మారే అంచున ఉన్న ఇంటికి బిల్లులో బాగా తెలుస్తుంది.

బడ్జెట్ దాటుతుందని తెలుసు. ఈలోపు పైసా ఖర్చు లేకుండా బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే తెరుచుకునే సెట్టింగుల్లో) టర్బో, అంటే ప్రాసెసర్ అదనపు స్పీడు, ఆఫ్ చేయండి, వాడని గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే పీకేయండి, బ్యాకప్‌లు, డిస్క్ చెకింగ్ లాంటి బరువు పనులన్నీ తెల్లారుజామున నాలుగింటికి మార్చేయండి. రాత్రి పదింటికి పెడితే చల్లగా ఉంటుందనుకుంటారు కానీ పై ఫ్లోర్‌లో అలా కాదండి, పగలంతా కాలిన స్లాబ్ ఆ వేడిని అర్ధరాత్రి దాకా లోపలికి వదులుతూనే ఉంటుంది, తెల్లవారేముందే ఇల్లు కాస్త చల్లబడుతుంది. కుదిరితే డాబా మీద తెల్ల కూల్‌రూఫ్ పెయింట్ కొట్టించండి, మీ సర్వర్‌కే కాదు ఇంట్లో అందరికీ మేలు.

పీఓఈ స్విచ్ గురించి ఒక మాట, దాని వాట్లన్నీ కప్‌బోర్డ్‌లో వేడి కావు. కెమెరాలకి వెళ్ళే కరెంటు ఆ కెమెరాల దగ్గరే ఖర్చవుతుంది, స్విచ్‌లో, కేబుల్‌లో పోయే నష్టం మాత్రమే ఇటువైపు. కాబట్టి మీ నిజమైన లెక్క 130 కన్నా కొంచెం తక్కువే.

యార్డు_రోడ్డు_గుంటూరు:

కూలర్ మాత్రం వద్దండి దయచేసి. కూలర్ గాలి చల్లగా ఉండేదే నీళ్ళ తడి కలవడం వల్ల, ఆ తడి గాలి మూసిన కప్‌బోర్డ్‌లోకి నెలల తరబడి కొడితే కనెక్టర్లు, స్లాట్లు తుప్పు పడతాయి. పైగా మనది సముద్రం ఎక్కువ దూరం లేని చోటు, ఉక్కపోత ఉన్న రోజు కూలర్ చల్లదనం కూడా సరిగా ఇవ్వదు.

దుమ్ము సంగతి ఎవరూ చెప్పలేదు. మేం మిర్చి యార్డు వైపు ఉంటాం, సీజన్‌లో లారీలు తిరుగుతుంటే మామూలు దుమ్ముకి మిర్చి ఘాటు కూడా తోడు. కింద గాలి వచ్చే చోట కడుక్కోవడానికి వీలయ్యే నైలాన్ ఫిల్టర్ జాలీ పెట్టి, రెండు వారాలకోసారి తీసి కడిగి ఆరబెట్టాలి. దోమల జాలీ కొడితే కంతలు మరీ సన్నం, తొందరగా మూసుకుపోతుంది, అట్టా పెట్టాలంటే కంత ఇంకా పెద్దది కోయించాలి. అసలు జాలీ లేకుండా మాత్రం వదలొద్దు. మన ఇళ్ళల్లో బల్లులకి వెచ్చటి చోటంటే మహా ఇష్టం, పవర్ సప్లై లోపలికి దూరితే అదీ పోతుంది, సప్లై కూడా పోతుంది.

కప్‌బోర్డ్ వెనక గోడ పడమర గోడేమో చూసుకోండి. సాయంత్రం నాలుగింటికి ఆ గోడ మీద చెయ్యి పెడితే తెలిసిపోద్ది. పడమరైతే ఎన్ని ఫ్యాన్లు పెట్టినా ఆ గోడ లోపలికి వేడి కక్కుతూనే ఉంటది, సామాన్ని గోడకి ఆనకుండా బెత్తెడు ముందుకు జరపాలి.

సింగ్‌నగర్_వైఫై:

కింద ఫ్లోర్‌లో మెట్ల కింద చల్లగా ఉంటుంది కదా అక్కడికి మార్చేయండి అని ఎవరైనా చెప్తారేమో, చల్లదనం నిజమే కానీ ఎత్తు చూసుకోండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు మా ఏరియాలో గ్రౌండ్ ఫ్లోర్లలోకి నీళ్ళొచ్చి రోజుల తరబడి ఉన్నాయి. వేడికి డిస్క్ మెల్లగా పాడవుతుంది, నీళ్ళకి ఒక్క పూటలో పోతుంది. పై ఫ్లోర్‌లో ఉండటమే మీకు మంచిది.

పటమట_నెట్:

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. చూశాను, పడమర గోడ కాదు, దక్షిణం వైపు. రౌటర్ బయటికి తీసి పైన బిగించేస్తా, కూలర్ ఆలోచన మానేశా. రెండు డౌట్లు. డిస్కులు 58లో ఉండటం నిజంగా ప్రమాదమా లేక నేనే ఎక్కువ భయపడుతున్నానా? రెండోది, యూపీఎస్ బ్యాటరీ కొని రెండేళ్ళు కూడా కాలేదు, కరెంటు పోతే నాలుగు నిమిషాలు కూడా ఆగట్లేదు, అది కూడా ఈ వేడి వల్లేనా?

బ్రాడీపేట_సిస్టమ్స్:

బ్యాటరీ ముందు చెప్తా, ఎందుకంటే అక్కడే మీకు నష్టం ఎక్కువ. యూపీఎస్‌లో ఉండే సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర లెక్కేసి చెప్తారు, అక్కడినుంచి ప్రతి 10 డిగ్రీలకీ ఆయుష్షు సుమారు సగం అవుతుంది. 45 దగ్గర ఉంచితే నాలుగో వంతే, నాలుగేళ్ళు రావాల్సింది ఏడాదికే అయిపోతుంది. మీ కప్‌బోర్డ్ 50 అంటున్నారు. కాబట్టి అవును, వేడి వల్లే అయ్యుంటుంది. కొత్త బ్యాటరీ వేసే ముందే యూపీఎస్‌ని కప్‌బోర్డ్ బయటికి, గాలి ఆడే చోటికి తీసేయండి, ఫ్యాన్ల పని కన్నా ముందు ఇది చేయండి.

ఇక డిస్కులు. గూగుల్ వాళ్ళు 2007లో లక్షకు పైగా డిస్కుల మీద చేసిన స్టడీ ఒకటుంది, అందులో జనం అనుకునేంతగా వేడికీ డిస్కులు చావడానికీ సంబంధం కనపడలేదు, బాగా ఎక్కువ వేడి దగ్గర, మూడేళ్ళు దాటిన డిస్కుల్లోనే తేడా తెలిసింది. దాన్ని పట్టుకుని వేడి ఏం చేయదు అని వాదించేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను, ఎందుకంటే అవి డేటా సెంటర్‌లో చల్లగా బతికిన డిస్కులు, 58 అనేది వాటికి దాదాపు తగలని వేడి. చాలా డిస్కుల డేటాషీట్‌లో ఆఖరి హద్దు 60 లేదా 65 అని ఉంటుంది, మీరు ఆ అంచునే రోజూ నడుపుతున్నారు. 50 లోపు తెచ్చుకోండి, 45 అయితే నిశ్చింత. స్మార్ట్ రీడింగ్స్‌లో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కల్లో) 194వ నంబరు టెంపరేచర్, దాంతోపాటు 5, 197 నంబర్లు (డిస్క్‌లో పాడైన, పాడవుతున్న చోట్ల లెక్క) కూడా చూడండి, అవి సున్నా నుంచి పెరగడం మొదలైతే డిస్క్ మార్చాల్సిన టైమ్ వచ్చినట్టు. 55 దాటితే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా, 60 అయితే సర్వర్ దానంతటదే ఆఫ్ అయ్యేలా స్క్రిప్ట్ పెట్టుకోండి. అసలు ఆ ఫొటోలు, పొలం కాగితాలు ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి వేరే ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంచండి, ఈ వారంలోనే. రెండు డిస్కులూ ఒకే కప్‌బోర్డ్‌లో ఉడుకుతుంటే ఒకదానికి ఒకటి కాపీ అనుకోవడానికి లేదు.

ఫ్యాన్ల అడాప్టర్ తప్పకుండా యూపీఎస్ ప్లగ్‌లోనే పెట్టండి. మామూలు బోర్డుకి పెడితే కరెంటు పోయినప్పుడు సర్వర్ బ్యాటరీ మీద నడుస్తుంటుంది, ఫ్యాన్లు ఆగిపోతాయి.

పటమట_నెట్:

ఆ కరెంటు సంగతి నాకు తట్టనే లేదండి. ఈ ఆదివారం కార్పెంటర్‌ని పిలుస్తున్నా. ఫ్యాన్లు తలుపుకే పెట్టించనా, పక్క చెక్కకా? సౌండ్ ఎక్కువొస్తుందా, హాల్లో టీవీ చూస్తుంటారు. వేడెక్కినప్పుడే తిరిగేలా థర్మోస్టాట్ పెట్టమంటారా?

మొగల్రాజపురం_ల్యాబ్:

పక్క చెక్కకే పెట్టించండి. తలుపుకి పెడితే తెరిచి మూసిన ప్రతిసారీ వైరు మడతపడి కొన్నాళ్ళకి లోపల తెగుతుంది. 12 వోల్టుల ఫ్యాన్లకి 9 వోల్టుల అడాప్టర్ ఇవ్వండి, సౌండ్ చాలా తగ్గుతుంది, గాలి కొంచెమే తగ్గుతుంది, రెండున్నాయి కాబట్టి సరిపోతుంది, మే నెల మధ్యాహ్నాలకి మాత్రం 12 పెట్టుకోండి. ఫ్యాన్‌కీ చెక్కకీ మధ్య రబ్బరు వాషర్లు వేయిస్తే చెక్క గుయ్యిమనకుండా ఉంటుంది. బాల్ బేరింగ్ అని రాసున్నవే తీసుకోండి, గవర్నర్‌పేట కంప్యూటర్ షాపుల్లో అడగండి, మామూలు స్లీవ్ బేరింగ్‌వి ఈ వేడికి తొందరగా ఎండిపోయి కీచుమంటాయి.

థర్మోస్టాట్ అంటే డబ్ల్యూ1209 అని చిన్న బోర్డు దొరుకుతుంది, ప్రోబ్ పైన కట్టి 35కి సెట్ చేయొచ్చు. కానీ రెండు ఫ్యాన్లూ కలిపి తినేది ఐదారు వాట్లే, నేనైతే ఎప్పుడూ తిరగనిస్తా, మధ్యలో పాడవడానికి ఒక రిలే (ఆ బోర్డు మీద ఆన్ ఆఫ్ చేసే స్విచ్) తక్కువ.

బాబు ఉన్నాడన్నారు కదా, ఫ్యాన్లకి బయట వైపు స్టీల్ గ్రిల్ బిగించండి, ప్లాస్టిక్‌ది వద్దు. కింద కోసిన 5 సెంటీమీటర్ల సందులో కూడా చెయ్యి దూరుతుంది, ఫిల్టర్ వెనక ఒక వరస చిల్లుల అల్యూమినియం షీటు స్క్రూలతో కొట్టించేయమనండి, కార్పెంటర్ వచ్చిన పూటే అయిపోతుంది.