సొంత ఖర్చుతో విదేశీ రాకెట్‌బాల్ పోటీలకు వెళ్లడం సబబేనా?

అన్నానగర్ అమ్మ:
చెన్నైలోని తెలుగు క్రీడాభిమానులందరికీ నమస్కారం. మా అమ్మాయికి 19 ఏళ్లు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతూ, నాలుగేళ్లుగా రాకెట్‌బాల్ (నాలుగు గోడల మధ్య రాకెట్‌తో బంతిని గోడకు కొట్టే ఆట) ఆడుతోంది. లాటిన్ అమెరికాలో జరగబోయే ఒక అంతర్జాతీయ పోటీకి జట్టులో చోటు దొరికిందని గత వారం ఉత్తరం వచ్చింది. సంతోషంగా రెండో పేజీ తిప్పితే, విమాన టిక్కెట్లు, వసతి, ప్రవేశ రుసుము, చివరికి దేశం పేరు ఉండే చొక్కా ఖరీదు కూడా క్రీడాకారులే భరించాలని రాసి ఉంది. తోడుగా మా వారు కూడా వెళ్తే మొత్తం ఖర్చు ఆరు లక్షలు దాటుతోంది. డిపాజిట్ తీసేద్దామని ఆయన అంటున్నారు. నా మనసు ఒప్పుకోకపోవడానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. ఎంపిక పోటీల్లో మా పిల్లను రెండుసార్లు ఓడించిన అమ్మాయి ఖర్చు భరించలేక తప్పుకుంటే, ఆ చోటు మా పిల్లకు వచ్చింది. ఆ చొక్కా మా పిల్ల వేసుకోవడం న్యాయమేనా? పెద్దలు నిర్మొహమాటంగా చెప్పగలరు.

ఎగ్మూరు స్క్వాష్ శిక్షకుడు:
అమ్మా, మీ అమ్మాయి ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయినా ఈ ఖర్చు వద్దనే చెబుతాను. రాకెట్‌బాల్ ఒలింపిక్స్‌లో లేదు, ఆసియా క్రీడల్లో లేదు, కామన్వెల్త్ క్రీడల్లోనూ లేదు. ఆ ఆట ప్రపంచ ఛాంపియన్‌షిప్ 2010లో సియోల్‌లో జరిగింది. ఆ తరువాత శాంటో డొమింగో, బర్లింగ్టన్, కాలీ, శాన్ హోసే, గ్వాటెమాలా సిటీ, శాన్ లూయిస్ పొటోసీ, శాన్ ఆంటోనియో అంటూ 2024 వరకు అమెరికా ఖండాలు దాటి రాలేదు. మన పిల్లలు పెద్ద పోటీ ఆడాలనుకున్న ప్రతిసారీ భూగోళానికి అవతలి వైపు ప్రయాణం కట్టవలసిందే.

అలాగే గోడకు బంతి కొట్టి ఆడే స్క్వాష్ సంగతి చూడండి. 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశం దానిని 2028 లాస్ ఏంజిలిస్ క్రీడల్లో చేర్చింది. ఇండియన్ స్క్వాష్ అకాడమీ మన ఊళ్లోనే ఉంది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో డబుల్స్ స్వర్ణం గెలిచిన దీపికా పల్లికల్, జోష్నా చిన్నప్ప ఇద్దరూ చెన్నై ఆడపిల్లలే. 2025 డిసెంబరులో ఇక్కడే ఒక మాల్‌లో వేసిన గాజు కోర్టులో భారత జట్టు స్క్వాష్ ప్రపంచకప్‌ను మొదటిసారి గెలుచుకుంది. ఆ ఆరు లక్షలతో మీ పిల్లకు రెండేళ్లు మంచి శిక్షణ ఇప్పించవచ్చు. ఆమెకు గోడ మారదు, రాకెట్ మాత్రమే మారుతుంది.

పెరంబూరు పాత ఆటగాడు:
శిక్షకుడు గారు చెప్పిన వివరాలతో నాకు పేచీ లేదు. గోడ మారదన్న మాట మాత్రం ఒప్పుకోలేను. స్క్వాష్ కోర్టు పొడవు 32 అడుగులు, వెడల్పు 21 అడుగులు. రాకెట్‌బాల్ కోర్టు పొడవు 40 అడుగులు, వెడల్పు 20, ఎత్తు 20, పైగా గది పైకప్పు కూడా ఆటలో భాగమే. స్క్వాష్‌లో ముందు గోడ అడుగున 19 అంగుళాల ఎత్తు వరకు టిన్ అనే పట్టీ ఉంటుంది. దానికి తగిలితే పాయింటు పోయినట్టే. రాకెట్‌బాల్‌లో ఆ అడ్డు లేదు కనుక నేలకు బెత్తెడు ఎత్తులో గోడను తాకే బంతే గొప్ప దెబ్బ. అసలు కోర్టు దొరకక స్క్వాష్ కోర్టుల్లోనే సాధన చేసే మన పిల్లలు, తమ ఆటలో సగం నేర్చుకోకుండానే పెరుగుతున్నారు. విదేశానికి వెళ్లడం పతకం కోసమని ఎవరైనా అంటే నేనూ వద్దనే అంటాను. కోర్టు కోసం వెళ్లాలి.

ఇది నా అనుభవం. కొన్నేళ్ల క్రితం మెక్సికో పీఠభూమిలో, సముద్ర మట్టానికి 1,800 మీటర్లకు పైన ఉన్న ఒక నగరంలో, నా వయసు వారి విభాగంలో ఆడాను. మన దగ్గర వానాకాలంలో గోడలు చెమర్చి బంతి జారుతుంది. అక్కడి పలచటి గాలిలో అదే బంతి తుపాకీ గుండులా వచ్చింది. ప్రత్యర్థి తొలి ర్యాలీలోనే బంతిని కప్పుకు కొట్టాడు. అలవాటు చొప్పున స్క్వాష్ కోర్టు వెనుక గోడ ఉండే దూరంలో నిలబడ్డాను. బంతి నేల మీద ఒకసారి లేచి, నా తల మీదుగా మరో ఎనిమిది అడుగులు వెనక్కి వెళ్లి, మూలలో కదలకుండా పడిపోయింది. మొదటి గేము 15–3తో పోయింది. మరునాడు బొలీవియా కుర్రవాడొకడు నన్ను ఖాళీ కోర్టులోకి తీసుకెళ్లి, ఆ బంతిని భుజం ఎత్తులో అందుకుని తిరిగి కప్పుకే ఎలా పంపాలో గంటసేపు చూపించాడు. నాకు ఇరవై ఏళ్లలో రానిది ఆ గంటలో వచ్చింది. ఆ బొలీవియా పురుషుల జట్టే 2019 లీమా పాన్ అమెరికన్ క్రీడల్లో ఈ ఆటలో స్వర్ణం గెలిచింది. అది సంపన్న దేశమేమీ కాదు. పక్క దేశాలకు వెళ్లి ఆడి ఆడి ఎదిగారు.

టీ నగర్ ఆడిటర్:
చర్చ కోర్టు కొలతల్లోకి వెళ్లిపోయి అమ్మగారి అసలు ప్రశ్న మరుగున పడింది. మొదటి అమ్మాయి ఓడిపోలేదు, గాయపడలేదు. ఆమె తండ్రి దగ్గర డబ్బు లేదు, అంతే. ఎంపిక పోటీ ఆటతో మొదలై పాసుపుస్తకంతో ముగిస్తే, ఆ చొక్కా మీద దేశం పేరు ఏ హక్కుతో రాస్తారు? ఎవరి ఖర్చు వారిదే అయిన పోటీల్లో క్లబ్బు పేరుతోనో, సొంత పేరుతోనో ఆడమనండి. ఎవరికీ అభ్యంతరం ఉండదు. మీ మనసు ఒప్పుకోకపోవడం సరైనదే అమ్మా, దానిని డిపాజిట్‌తో నోరు మూయించకండి.

ఎగ్మూరు స్క్వాష్ శిక్షకుడు:
పాత ఆటగాడు గారి అనుభవం విలువైనదే. కానీ ఆ ఆట పుట్టింటి పరిస్థితి కూడా ఆలోచించాలి. 1950లో జో సోబెక్ అమెరికాలోని గ్రీనిచ్‌లో రూపొందించిన ఈ ఆట డెబ్బైలలో, ఎనభైలలో అక్కడ వెలిగింది. ఇప్పుడు అక్కడి క్లబ్బులే ఆ కోర్టులను వ్యాయామశాలలుగా మారుస్తున్నాయి. తగ్గుతున్న ఆట కోసం ఇంటి డబ్బు పెట్టమని ఒక తల్లికి చెప్పడానికి నాకు నోరు రాదు.

పెరంబూరు పాత ఆటగాడు:
అమెరికాలో తగ్గింది నిజమే. అదే సమయంలో మెక్సికో, బొలీవియా, గ్వాటెమాలాలలో పెరిగింది. మహిళల ఆటను ఏళ్ల తరబడి ఏలిన పావొలా లొంగోరియా మెక్సికో అమ్మాయే. ఇక ఆడిటర్ గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దీనిని ఇంతవరకు ఆలోచించనందుకు నొచ్చుకుంటున్నాను కూడా. నేను వెళ్లినప్పుడు నా వెనుక ఆగిపోయింది ఎవరో నేను అడగలేదు.

అన్నానగర్ అమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. రాత్రి ఇవన్నీ చదివి వినిపించాను. ఆడిటర్ గారి మాటల దగ్గర మా అమ్మాయి లేచి తన గదిలోకి వెళ్లిపోయింది. తెల్లవారి కాఫీ తాగుతూ ఒక్కటే అడిగింది: “నాన్న రాకపోతే ఆ టిక్కెట్టు డబ్బుతో తను రావచ్చు కదమ్మా?” మా వారు చాలాసేపు మాట్లాడలేదు. ఇద్దరు ఆడపిల్లలను అంత దూరం ఒంటరిగా పంపడం ఆయనకు కష్టంగా ఉంది, నాకూ ఉంది. చివరికి ఒప్పుకున్నారు. సింగిల్స్ చోటు మొదటి అమ్మాయికే ఇచ్చి, డబుల్స్‌లో ఇద్దరినీ ఆడించమని నిర్వాహకులకు ఉత్తరం రాశాం. మధ్యాహ్నం ఆ అమ్మాయి ఇంటికి ఫోను చేశాను. వాళ్ల నాన్నగారు దానంగా తీసుకోనన్నారు. అప్పుగా అయితే ఆలోచించి రెండు రోజుల్లో చెబుతానన్నారు.

పాత ఆటగాడు గారూ, వారు సరేనంటే నాకు మీ సాయం కావాలి. మనకూ అక్కడికీ పదకొండు గంటలకు పైగా తేడా ఉంది కనుక పోటీకి ఎన్ని రోజుల ముందు చేరితే నిద్ర కుదుటపడుతుంది? పిల్లలు కప్పు బంతి సాధన చేయడానికి అక్కడ ముందుగానే కోర్టు అద్దెకు దొరుకుతుందా? శిక్షకుడు గారూ, మీకు ఇష్టం లేదని తెలిసినా అడుగుతున్నాను. వెళ్లేలోపు ఇద్దరినీ వారానికి రెండు ఉదయాలు మీ కోర్టులో పరుగెత్తించగలరా?

ఎగ్మూరు స్క్వాష్ శిక్షకుడు:
నా అభిప్రాయం మారలేదమ్మా. మంగళ, శుక్రవారాల్లో ఉదయం ఐదున్నరకు కోర్టు ఖాళీగా ఉంటుంది. ఇద్దరినీ కంటి రక్షణ అద్దాలతో రమ్మనండి.