డబ్బు లెక్కలకు రీడ్ కమిటెడ్ చాలుతుందా?

కర్నూలు నుంచి:
కాక్రోచ్‌డీబీ అనే డేటాబేస్‌లో ఐసోలేషన్ (ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లను ఒకదాన్నుంచి ఒకటి ఎంత విడిగా ఉంచాలనే స్థాయి) డీఫాల్ట్‌గా సీరియలైజబుల్, అంటే అన్నీ ఒకదాని తర్వాత ఒకటి నడిచినట్టే ఫలితం వస్తుంది. 24.1 వెర్షన్ నుంచి రీడ్ కమిటెడ్ (ఒక్కో ఆదేశం అప్పటికి కమిట్ అయిన, అంటే ఖరారైన డేటానే చూసే తేలిక స్థాయి) కూడా వాడుకోవచ్చు కాబట్టి దానికి మారదామని మా టీమ్ పట్టుబడుతోంది. 40001 ఎర్రర్లు (ట్రాన్సాక్షన్లు ఢీకొన్నాయి, మళ్లీ మొదలుపెట్టు, అంటే రీట్రై చెయ్యి అనేవి) తగ్గుతాయి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోనూ డీఫాల్ట్ అదే కదా అంటున్నారు. నేను ఒప్పుకోవడం లేదు.

మునుపు ఆదోనిలో ఒక కమీషన్ ఏజెంటుకు రీడ్ కమిటెడ్ మీదే సాఫ్ట్‌వేర్ రాశాం. ఒక్కో వ్యాపారికి పత్తి ఖాతా, శనక్కాయల ఖాతా. రెండూ కలిపి సున్నా కిందికి పోకూడదు. ఒక సాయంత్రం ఒక్కోదాంట్లో 50,000 ఉన్నాయి. ఒక కౌంటర్లో పత్తి ఖాతా నుంచి 80,000, అదే క్షణంలో పక్క కౌంటర్లో శనక్కాయల ఖాతా నుంచి 80,000 ఇచ్చేశారు. ఇద్దరికీ లక్ష కనిపించింది. రాసింది వేర్వేరు వరుసల్లో, అందుకే ఏ లాకూ అడ్డం రాలేదు. రాత్రి పద్దు కడితే మైనస్ 60,000. లాగులో ఒక్క ఎర్రర్ లేదు. దీన్నే రైట్ స్క్యూ అంటారు. ట్రాన్సాక్షన్ అంతా మొదట్లో ఉన్న డేటానే చూపించే స్నాప్‌షాట్ ఐసోలేషన్ కూడా దీన్ని ఆపదు.

అనంతపురం నుంచి:
అన్నా, రెండు వరుసలనూ సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో (చదివేటప్పుడే వరుసను లాక్ చేసే ఆదేశం) పట్టుకుంటే రెండో కౌంటర్ ఆగేది కదా? మా దగ్గర ఒకే స్టాక్ వరుస మీద వందల మంది పడతారు. సీరియలైజబుల్ పెట్టిన రోజంతా రీట్రైలతోనే సరిపోయింది.

కర్నూలు నుంచి:
ఆగేది తమ్ముడూ, నిజమే. కానీ అది ఉన్న వరుసలనే పడుతుంది. అప్పుడే మూడో ఖాతా తెరిస్తే, లేని వరుసను ఎట్లా పట్టుకుంటావు? ముందు వ్యాపారి వరుసను లాక్ చేయొచ్చు. అయితే డబ్బును ముట్టుకునే ప్రతి కోడ్‌లో అది ఉండాలి. కొత్తగా చేరిన పిల్లోడు ఒక్కచోట మరిచిపోయినా మళ్లీ అదే కథ.

కడప నుంచి:
డేటాకు మూడు కాపీలు, వాటి మధ్య ఒప్పందం కుదిర్చే రాఫ్ట్ పద్ధతి ఉండగా లెక్క ఎందుకు తప్పుతుంది?

కర్నూలు నుంచి:
రాఫ్ట్ పని కాపీలు ఒకేలా ఉండేటట్టు చూడటం. మైనస్ 60,000 కమిట్ అయితే మూడింట్లోనూ అదే ఉంటుంది.

అనంతపురం నుంచి:
మరి రీట్రై సంగతి? మాకు ఎస్సెమ్మెస్ పంపే కోడ్ ట్రాన్సాక్షన్ లోపలే ఉండింది. మూడుసార్లు రీట్రై అయితే రైతుకు మూడు మెసేజ్‌లు పోయాయి.

కర్నూలు నుంచి:
ఎస్సెమ్మెస్‌ను కమిట్ తర్వాతకు జరుపు. రీట్రై అంటే బ్యాలెన్స్ చదవడం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. చివరి అప్‌డేట్ ఒక్కటే మళ్లీ పంపితే పాత లెక్కే రాస్తుంది. నీ స్టాక్‌కు రీడ్ కమిటెడ్ పెట్టుకో, 'సున్నా కంటే ఎక్కువుంటేనే ఒకటి తగ్గించు' అని ఒకే అప్‌డేట్‌లో రాస్తే చాలు. ఐసోలేషన్‌ను ట్రాన్సాక్షన్‌కు విడివిడిగా పెట్టుకోవచ్చు. ఖాతాలను ముట్టుకునేవి మాత్రం అన్నీ సీరియలైజబుల్‌లోనే ఉండనీ. ఒక్కటి కిందికి దిగినా ఆదోనిలో జరిగిందే జరగొచ్చు.